పసిబిడ్డ సామాను: దండెం చెప్పిన లెక్క

మా పెద్దవాడు ఏప్రిల్లో పుట్టాడు, చిన్నది జులై ఆఖర్లో. రెండు పురుళ్లూ విజయవాడలోనే, ఒకే ఇంట్లో. పెద్దవాడికి హాయిగా సరిపోయిన 24 లంగోటాలు, చిన్నదాన్ని ఇంటికి తెచ్చిన రెండో రోజు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. తేడా బిడ్డల్లో లేదు, దండెం మీద ఉంది. మే నెల ఎండకి డాబా మీద వేసిన పాత చీర గుడ్డ అరగంటలో పెళపెళలాడేది. శ్రావణం ముసుర్లో అదే గుడ్డ పొద్దున ఆరేస్తే మర్నాటికి కూడా చెమ్మ వదల్లేదు. అందుకే పసిబిడ్డకి ఏమేం కొనాలని ఎవరైనా అడిగితే, కాన్పు ఏ నెలలో, బట్టలు ఎక్కడ ఆరేస్తారు అని ముందు అడుగుతాను. డబ్బు ఎక్కడ పెట్టాలో సగం అక్కడే తేలిపోతుంది.

లెక్క సులువే. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకి 12 నుంచి 15 సార్లు తడుపుతుంది. తల్లిపాలు తాగే బిడ్డ తాగినప్పుడల్లా కాస్త దొడ్డికి వెళ్లడం కూడా మామూలే. రోజుకి 15 లంగోటాలు అనుకుందాం. ఉతికిన గుడ్డ ఆరి మడతలోకి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో దాంతో ఆ 15ని హెచ్చవేయండి. ఒక రోజు నిల్వ కోసం ఇంకో 15 కలపండి. ఎండాకాలంలో ఉతకడం, ఆరడం, మడతపెట్టడం కలిపి సగం రోజు వేసుకున్నా ఏడున్నర, పదిహేను కలిసి 23. వానాకాలంలో రోజున్నర పడుతుంది కాబట్టి ఇరవై రెండున్నర, పదిహేను కలిసి 38. మేం 40 చేశాక మళ్లీ కరువు రాలేదు. డిసెంబరు, జనవరి కాన్పులకి 30 చాలు. అప్పుడు ఎండ ఉంటుంది కానీ పొద్దెక్కేదాకా మంచు, సాయంత్రం త్వరగా చల్లబడుతుంది.

కాన్పు కాకముందు బిడ్డకి కొత్తవి కొనకూడదని మా అత్తయ్య పట్టు. చాలా ఇళ్లలో ఉన్న ఆనవాయితీయే. ఖర్చు సంగతి చూస్తే ఇది మంచి పద్ధతి కూడా. బిడ్డ రెండున్నర కిలోలు పుడుతుందో మూడున్నర పుడుతుందో ముందు తెలియదు, కొలత తెలియకుండా కొన్న జబ్లాలు బీరువాలోనే మిగిలిపోతాయి. ఏడో నెల నుంచి మేం చేసిందల్లా పాత గుడ్డ సిద్ధం చేసుకోవడమే.

లంగోటాకి బాగా వాడి మెత్తబడ్డ నూలు చీరని మించింది లేదు. అయిదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు. రెండు పక్కలా అంచు తీసేస్తే 40 అంగుళాల పన్నా మిగులుతుంది. 20 అంగుళాల చదరాలుగా కోస్తే ఒక చీరకి 20 వస్తాయి. రెండు చీరలతో మా 40 అయిపోయాయి, కుట్టుకూలి ఒక్కోదానికి 5 రూపాయల చొప్పున 200 అయింది. కోసేముందు చీరని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. జల్లెడలా వెలుగు కనబడే చోట గుడ్డ పదిహేను ఉతుకులకి కూడా ఆగదు, ఆ ముక్కలు మూతి తుడవడానికి ఉంచుకోవచ్చు. చీర అసలు నూలో కాదో అనుమానం ఉంటే ఒక పోగు లాగి అంటించండి. కాయితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి చిన్న పూసలా గట్టిపడితే పాలియెస్టరు కలిసింది, అది తడి పీల్చదు.

అంచు మడిచి కుట్టించకపోతే పోగులు ఊడతాయి. ఈ పోగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. సన్నటి దారం పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుంటే తడికి బిగుసుకుపోయి రక్తం ఆగుతుంది, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. చేతి తొడుగులు, మేజోళ్లు లోపలివైపు తిప్పి చూస్తే కుట్టు చివర అర అంగుళం పోగులు వేలాడుతూ ఉంటాయి. వాటిని కత్తెరతో దగ్గరికి కత్తిరించాకే వాడాలి. బిడ్డ ఆగకుండా ఏడుస్తుంటే ముందు పది కాలివేళ్లూ, పది చేతివేళ్లూ చూడండి.

అంతకంటే ముఖ్యమైంది కలరా ఉండలు. పాత చీరలన్నీ ట్రంకుపెట్టెలో ఆ ఉండల మధ్యే పడి ఉంటాయి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. ఏ బిడ్డకి ఆ లోపం ఉందో చూస్తే తెలియదు. కాబట్టి ఉండల వాసన ఉన్న గుడ్డ జోలికి పోకండి. రోజువారీ కట్టుకుని ఉతికే చీరలనే కోయండి, కుట్టాక వేపాకు వేసి దాచుకోండి.

కొత్త గుడ్డ మేం కొన్నది పొత్తిగుడ్డల కోసమే, 6 మీటర్ల మల్‌మల్. వన్ టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ కొట్లు ఎక్కువ, మీటరు లెక్కన కోసి ఇచ్చే కొట్టు అడిగి తెలుసుకోవాలి. మాకు మీటరు 90 చొప్పున 540 అయింది. గుంటూరు వాళ్లకి పట్నంబజారు, లాలాపేట ఉన్నాయి. కొట్లో తెల్లగా, గరగరలాడుతూ కనబడేదంతా గంజే. ఆ గంజి ఉన్నంతసేపు గుడ్డ మీద నీటిబొట్టు తామరాకు మీద ఉన్నట్టు నిలబడుతుంది. రాత్రంతా నానబెట్టి మూడుసార్లు ఉతికి, ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. వెంటనే ఇంకితే బిడ్డకి పనికొస్తుంది.

ఇంటికొచ్చిన వారానికి పది జబ్లాలు తెప్పించాం, ఒక్కోటి 70. ముందు తెరుచుకుని పక్కన దారంతో ముడివేసేవి అయితే మెడ నిలవని బిడ్డకి తొడగడం తేలిక. తలమీంచి వేసేవి, వీపున బొత్తాలున్నవి వద్దు. మెడ దగ్గర తాడు ఉన్నవి అసలే వద్దు. అట్ట మీద ‘న్యూ బోర్న్’ అని ఉన్న కొలత మూడు నాలుగు వారాలకే బిగుతైపోతుంది. 0 నుంచి 3 నెలల కొలత తీసుకుని మొదట్లో చేతులు మడవండి. ఎండాకాలమైతే చేతుల్లేనివి ఆరు చాలు. చలేస్తోందేమోనని పాదాలు పట్టి చూస్తారు, పసిపిల్లల అరచేతులూ అరికాళ్లూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక, రొమ్ము మీద చెయ్యి వేసి చూడాలి. అక్కడ చెమట తగిలితే ఒక పొర తీసేయండి. బొడ్డు ఊడేదాకా లంగోటా బొడ్డు కిందకి మడిచి కట్టండి. దానికి గాలి తగిలి పొడిగా ఉండాలి, ఏ పొడీ నూనే రాయక్కర్లేదు.

పడక కింద వేసే డ్రై షీట్ల దగ్గర మేం ఒక తప్పు చేశాం. ఆ షీటు పైన మెత్తటి నూగుగుడ్డ, కింద నీళ్లు దిగని పల్చటి పొర. దొడ్డి మరక పోవాలని సలసల కాగే నీళ్లలో ముంచి, గట్టిగా పిండాం. రెండో ఉతుకుకే అడుగు పొర పొలుసులుగా లేచింది, ఆ రాత్రే పరుపు తడిసింది. ఆ షీటు ఇంట్లో ఉన్న పాతది. తర్వాత మూడు కొన్నాం, 70 సెంటీమీటర్లకి 100 కొలతవి, ఒక్కోటి 250. చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా వేలాడదీసి, ఇస్త్రీ తగలకుండా చూశాక అవి నిలిచాయి. మెత్తదనం కోసం కలిపే కండిషనరు కూడా వద్దు, తడి పీల్చడం తగ్గిపోతుంది. ఎండాకాలంలో మటుకు ఈ నూగు షీటు బిడ్డ వీపుకి వేడి. పెద్దవాడికి ఆసుపత్రుల్లో వాడే రబ్బరు షీటు వేసి, దానిమీద రెండు మడతల నూలు దుప్పటి వేశాం. సూర్యారావుపేట ఆసుపత్రుల చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. చిన్నదానికి పెద్ద మంచం కోసం 2 మీటర్లు తెచ్చాం, 400.

విజయవాడలో మూడు కాలువలు, దోమలకి లోటు లేదు. రెండు నెలల లోపు బిడ్డకి ఒంటికి రాసే దోమల మందులు వాడకూడదు, తలుపులు మూసిన గదిలో కాయిల్ పొగా మంచిది కాదు. దోమతెర ఒక్కటే దారి. గొడుగులా తెరిచే దోమతెరల్లో రెండు రకాలున్నాయి. అడుగు లేనిది చవక. కానీ పరుపు కాస్త ఎత్తుపల్లంగా ఉన్నా కింద సందులోంచి దోమ దూరుతుంది, లోపలికి పోయిన దోమకి బిడ్డ తప్ప ఇంకేం దొరకదు. అడుగున గుడ్డ, చుట్టూ జిప్పు ఉన్నది 450కి తీసుకున్నాం. కొట్లోనే జిప్పు పదిసార్లు లాగి చూడండి, మూల తిరిగే చోట పట్టేస్తే ఇంట్లో అర్ధరాత్రి తెగుతుంది. దోమతెరతో కలిపి అమ్మే మెత్తటి పరుపు సెట్లలో దిండు, పక్కన రెండు బాలీసులు వస్తాయి. వాటిని తీసేయండి. పసిబిడ్డని గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ముఖం దగ్గర మెత్తటిదేదీ ఉండకూడదు, ఊపిరికి అడ్డం. ఆవాల దిండు తల గుండ్రంగా చేస్తుందని మా అమ్మ కుట్టింది. పడుకోబెట్టినప్పుడల్లా తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పితే ఆ పని అయిపోతుందని డాక్టరమ్మ చెప్పాక అమ్మే దాన్ని పక్కన పెట్టేసింది.

ఉయ్యాల కొనలేదు. బంధువుల ఇంట్లో ఉన్న ఇనప స్టాండు తెచ్చుకున్నాం, ఇలాంటివి ఎప్పుడూ ఎవరో ఒకరి అటక మీద ఉంటాయి. చీర ఉయ్యాల కట్టేటప్పుడు పైన ఉయ్యాల కర్ర తప్పనిసరి. అది లేకపోతే చీర రెండు పక్కలా దగ్గరికొచ్చి సంచిలా ముడుచుకుంటుంది, బిడ్డ గడ్డం రొమ్ముకి ఆనుకుని గాలిగొట్టం మడతపడుతుంది. కర్ర వేసినా సరే, పగలు కళ్లెదుట ఉన్నంతసేపే. రాత్రికి చదునైన పరుపే. స్ప్రింగు ఉయ్యాలైతే స్ప్రింగు తెగినా పడకుండా పక్కనే ఒక నైలాన్ తాడు కూడా కట్టండి. కొక్కేనికి 10 కిలోల బియ్యం సంచి రాత్రంతా వేలాడదీసి చూశాకే బిడ్డని వేయండి.

పాల సామానుకి 120 ఖర్చయింది, రెండు స్టీలు ఉగ్గు గిన్నెలు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. మొదటి వారం పాలు పట్టడంలో ఇబ్బంది ఉంటే చేత్తో పిండి ఉగ్గు గిన్నెతో పట్టవచ్చు. బిడ్డని కాస్త నిటారుగా ఒళ్లో పెట్టుకుని, గిన్నె ముక్కుని బిడ్డ కింది పెదవి మూలకి ఆనించి, బిడ్డ మింగాకే ఇంకాస్త వంచాలి. గిన్నె కొనేటప్పుడు ముక్కు లోపలి అంచు మీద చిటికెన వేలు తిప్పి చూడండి. గరుకు తగిలినా, అతుకు కనబడినా వద్దు. ఆ గీతలో పాలు ఎండిపోతే ఎంత తోమినా పోవు. వాడిన ప్రతిసారీ తోమి, పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే చాలు, స్టెరిలైజర్ అక్కర్లేదు. పాలసీసాలకి, డబ్బా పాలకి ప్రకటనలు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. అయినా గిఫ్టు సెట్లలో సీసా ఉంటూనే ఉంటుంది. పాలు పిండే పంపు కూడా ముందే కొనకండి. అవసరమని డాక్టరు చెప్పాక తెచ్చుకోవచ్చు, చాలామందికి ఆ అవసరమే రాదు.

డయపర్లు పూర్తిగా మానలేదు. రోజంతా వేస్తే ఎనిమిది, నెలకి 240, ఒక్కోటి పది రూపాయల చొప్పున 2,400. మేం రాత్రికి ఒకటి, టీకాకో ఆసుపత్రికో బయటికి వెళితే ఒకటి, మొత్తం నెలకి 60 దాటకుండా 600తో సరిపెట్టాం. పెద్ద ప్యాకెట్టు చవకని మొదటి వారం కొనకండి. అట్ట మీద కిలోలు చూడండి, 5 కిలోలదాకా అని ఉన్న కొలత కొద్ది వారాల్లోనే దాటిపోతుంది. తొడల దగ్గర ఎర్రటి గాటు కనబడితే కొలత మారే వేళయింది.

ఇంక ఉతుకుడు. మూతలున్న రెండు బకెట్లు, 500. ఒకటి ఒంటేలు తడిసినవాటికి, ఒకటి దొడ్డివాటికి. మూత వాసనకే కాదు, ఇంట్లో రెండేళ్ల పిల్లాడుంటే నీళ్లున్న బకెట్టు ప్రమాదం. దొడ్డి గుడ్డని ముందు చన్నీళ్ల కొళాయి కింద జాడించాలి, వేడినీళ్లు పోస్తే మరక అతుక్కుపోతుంది. సబ్బు పెట్టాక మూడుసార్లు జాడించండి. మూడో నీళ్లలో నురగ కనబడితే నాలుగోసారి. పిర్రలు ఎర్రబడినప్పుడు మా ఇంట్లో దోషం చాలాసార్లు గుడ్డలో మిగిలిన సబ్బుదే. క్రిమిసంహారక ద్రావణం కలపడం మానేశాం, ఆ ఘాటు గుడ్డలోనే ఉండిపోతుంది.

వానాకాలం కాన్పుకి నేను ఒక్కటే వస్తువు కొనమంటే మడతపెట్టే ఆరేసే స్టాండు కొనమంటాను. మాది 1,300. అన్నింటిలోకీ ఖరీదైంది ఇదే, రోజూ ఉపయోగపడింది కూడా ఇదే. ఉతికిన గుడ్డల్ని ముందు వాషింగ్ మెషిన్లో నీళ్లు పోయకుండా స్పిన్ ఒక్కటే అయిదు నిమిషాలు తిప్పాం. తర్వాత స్టాండు మీద గుడ్డకీ గుడ్డకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచి, ఫ్యాను కింద పెట్టాం. ఒకదానిమీద ఒకటి వేస్తే ఫ్యాను ఎంత తిరిగినా లోపలి మడతలో చెమ్మ అలాగే ఉండి మర్నాటికి ముక్కిన వాసన వస్తుంది. చివరి చెమ్మకి ఇస్త్రీ పెట్టె. సాంబ్రాణి పొగ మీద బట్టలు ఆరబెట్టడం పెద్దవాళ్లకి అలవాటు, ఆ పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఎండ వచ్చిన రోజు డాబా మీద వేసినా, దీపాలు పెట్టే వేళకి లోపలికి తెచ్చేయాలన్న మాట మేం తప్పలేదు. పొద్దుగూకాక గుడ్డ మళ్లీ చెమ్మ పీలుస్తుంది, పురుగు కూడా వాలుతుంది. తెచ్చాక ఒక్కోటీ దులిపి మడతపెట్టాలి.

చిన్నవాటిలో డిజిటల్ థర్మామీటరు 180, సబ్బు, గోళ్ల కత్తెర కలిపి 160. చంకలో పెట్టి చూస్తే 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 ఉంటే, మూడు నెలల లోపు బిడ్డని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంట్లో మందు వేసి చూడకూడదు. డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలు రోజుకి 400 యూనిట్లు. కొన్ని కంపెనీల సీసాలో ఒక మిల్లీలీటరుకి 400 ఉంటే కొన్నింటిలో 800 ఉంటుంది. సీసా మారినప్పుడల్లా అట్ట చదివాకే చుక్కలు కొలవండి.

అన్నీ కలిపితే 5,900 అయింది. పౌడరు, కాటుక, స్నానాల తొట్టి, స్ట్రోలర్ ఇందులో లేవు. పౌడరు ముక్కులోకి పోతుంది. కాటుకలో సీసం ఉండొచ్చు. మా అమ్మ పీట మీద కూర్చుని కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తుంటే తొట్టి ఎందుకు. బారసాలకి వచ్చే చుట్టాలు ఏం తేవాలని అడిగితే మొహమాటపడకుండా చెప్పండి, ఆరు నుంచి తొమ్మిది నెలల బట్టలని. అందరూ పుట్టిన బిడ్డ కొలతే తెస్తారు, అవి ఒక్కసారి తొడిగి ఫొటో తీసేలోపు పొట్టివైపోతాయి. వాకరు తెస్తామంటే వద్దనండి. దానివల్ల పిల్లలు మెట్లమీంచి పడుతున్నారని కెనడా 2004లోనే నిషేధించింది.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పయ్యేవాళ్లు బేబీ కిట్ ఇస్తున్నారేమో ముందు కనుక్కోండి, దుప్పటీ తుండూ మళ్లీ కొనే పని ఉండదు. ఇంటికి దింపడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. సొంత కారు ఉన్నవాళ్లు మాత్రం వెనక్కి తిరిగి ఉండే శిశువు సీటు కొనాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టుతోగానీ అలాంటి సీటులోగానీ కూర్చోబెట్టాలని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఇది పాతది తెచ్చుకునే వస్తువు కాదు, ప్రమాదం చూసిన సీటు బయటికి బాగానే కనబడుతుంది. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అన్నింటికంటే ప్రమాదం.

మూడో నెల నిండాక 20 అంగుళాల లంగోటా నడుముకి ముడిపడటం మానేసింది. ఇంకో చీర 27 అంగుళాలకి కోశాం. పాత 40లో తొమ్మిది చిరిగాయి. మిగిలిన 31 ఉతికి, ఎండలో వేసి, గుంటూరులో మా ఆడపడుచుకి పంపాం. ఆవిడ కాన్పు జనవరిలో. డాబా మీద తూర్పు ఎండ ఉంది కాబట్టి అవి సరిపోతాయి.